పాలమూరు, నల్లగొండ గుట్టల మీద ఎగిరే మోటారు లేని రిమోట్ గ్లైడర్: తయారీ, అమరిక

దీనికి మోటారు లేదు, ఫ్యాను లేదు. పడమటి గాలి గుట్టకు కొట్టుకొని పైకి మళ్ళుతుంది. గ్లైడర్ ఆ గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంటుంది గానీ, అది జారే వేగం కంటే గాలి లేచే వేగం ఎక్కువ కాబట్టి కింద పడదు. అందులోని బ్యాటరీ రిసీవరుకూ (రేడియో సంకేతం అందుకునే పెట్టె) రెండు సర్వోలకూ (ఆ సంకేతం ప్రకారం రెక్క పలకలను కదిపే చిన్న యంత్రాలు) మాత్రమే.

మన దగ్గర దీనికి అసలు కాలం మృగశిర కార్తెతో మొదలవుతుంది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో పడమర, నైరుతి గాలి పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఒకే దిక్కు నుంచి నిలకడగా వీస్తుంది. బతుకమ్మ పండుగ నాటికి అది సద్దుమణుగుతుంది. చలికాలపు తూర్పు గాలి బలహీనం. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వచ్చేది సుడిగాలి, దాన్ని నమ్ముకోలేం. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కట్టుకొని జూన్ మొదటివారానికి సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

ఏ రకం కట్టాలి

తోక లేని ఎగిరే రెక్క, అదీ ఈపీపీ (ఎక్స్‌పాండెడ్ పాలీప్రొపిలీన్) ఫోముతో. బాల్సా కర్రతో కట్టిన అందమైన గ్లైడర్లు పచ్చికబయళ్ళున్న దేశాల్లో బాగుంటాయి. మన గుట్టల మీద దిగే చోటంతా గుండ్లు, మొరం, సర్కారు తుమ్మ. తోక ఉన్నది మొదటి దిగుడులోనే తోక విరగ్గొట్టుకుంటుంది. ప్యాకింగులో వచ్చే తెల్ల థర్మకోల్ కూడా పనికిరాదు, అది పగిలి పూసలవుతుంది. ఈపీపీ నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంది. ఇది ఊళ్ళో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. లీటరుకు 20 గ్రాముల సాంద్రత ఉన్నది అడగండి.

కొలతలు: కొస నుంచి కొసకు 1200 మి.మీ. మధ్యలో వెడల్పు 280, కొసన 200. ఇందులో వెనక 40 మి.మీ. కదిలే పలక, అంటే ఎలివాన్. కనుక ఫోము వరకు చూస్తే మధ్యలో 240, కొసన 160. కొస ముందంచు ముక్కు కంటే 250 మి.మీ. వెనక్కి ఉండాలి. రెక్క అడ్డుకోత ఆకారానికి ఎం.హెచ్.45 అనే నమూనా బాగా సరిపోతుంది, మందం వెడల్పులో పదోవంతుకు కొంచెం తక్కువ. మొత్తం బరువు 520 నుంచి 600 గ్రాముల మధ్య రావాలి. 700 దాటితే మామూలు గాలికి నిలవదు.

సామాను: 600 × 900 × 40 మి.మీ. ఈపీపీ షీటు ఒకటి, 6 మి.మీ. కార్బన్ ట్యూబు 800 మి.మీ.; 6 మి.మీ. మందం, 40 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. పొడవున్న బాల్సా పలకలు రెండు. మెటల్ గేరు మైక్రో సర్వోలు రెండు. నాలుగు ఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లుల ప్యాకు. ఆరు ఛానెళ్ళ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, రిసీవరు, నారపోగుల ఫిలమెంట్ టేపు, రంగు ప్యాకింగ్ టేపు, స్ప్రే గమ్ము, అరాల్డైట్, 1.5 మి.మీ. స్ప్రింగు తీగె, కొసల రెక్కలకు 4 మి.మీ. సన్‌ప్యాక్ షీటు (ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపుల్లో ముక్కలు చవగ్గా ఇస్తారు).

సర్వోల దగ్గర పీనాసితనం వద్దు. ప్లాస్టిక్ పళ్ళ సర్వో బల్ల మీద బాగానే తిరుగుతుంది. ఎలివాన్ కొస ఒక్క రాయికి తగిలిందంటే లోపల రెండు పళ్ళు రాలిపోతాయి. తర్వాత ఎగరేసినప్పుడు సరిగ్గా ఆ పళ్ళు లేని చోటే అది ఇరుక్కుంటుంది.

రెక్క కోయడం

వేడి తీగెతోనే కోయాలి. హీటరు కాయిల్ నుంచి తీసిన నిక్రోమ్ తీగె, సుమారు 0.45 మి.మీ. మందంది, వెదురు విల్లుకు బిగుతుగా కట్టండి. 700 మి.మీ. తీగెకు దాదాపు 5 ఓముల నిరోధం ఉంటుంది. 12 వోల్టుల బైకు బ్యాటరీకి కలిపితే రెండున్నర ఆంపియర్లు పారతాయి, అది చాలు. మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పక పెట్టండి. పొగ మంచిది కాదు, పని ఆరుబయట చేయండి.

మొదట షీటులోంచి పైనుంచి చూస్తే కనిపించే రెక్క ఆకారంలో రెండు దిమ్మెలు కోయాలి. ఒకదాన్ని తలకిందులు తిప్పి పెడితే వెనకంచులు ఒకదానికొకటి ఆని 650 మి.మీ. వెడల్పులో రెండూ ఇముడుతాయి. తర్వాత సన్‌మైకా ముక్కలతో మొదలుకూ కొసకూ అచ్చులు చేసి దిమ్మె రెండు పక్కలా గుచ్చాలి. అచ్చు అంచు మీద ఒకటి నుంచి పది దాకా గీతలు పెట్టుకోండి, రెండు అచ్చుల మీదా సమాన భాగాలుగా. విల్లు చెరో కొస పట్టుకున్న ఇద్దరూ అంకెలు పైకి చదువుతూ ఒకే అంకె దగ్గర ఉండాలి. మొదలు వైపు దూరం ఎక్కువ, కొస వైపు తక్కువ. ఇద్దరూ ఒకే వేగంతో లాగితే కొస వైపు తీగె ముందుకెళ్ళి ఫోమును మాడ్చేస్తుంది. థర్మకోల్ కోసిన అలవాటున్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఈపీపీ నెమ్మదిగా తెగుతుంది, తొందరపడితే తీగె మధ్యలో వెనకబడి రెక్క కడుపు దగ్గర లోతు పడుతుంది.

కోసిన తర్వాత మిగిలే పైముక్క, కిందిముక్క పారేయొద్దు. రెక్కను అతికించేటప్పుడు అవే దానికి పడక. బల్ల మీద నేరుగా పెడితే మెలి తిరిగిన రెక్కే వస్తుంది.

రెండు రెక్కలూ మధ్యలో అరాల్డైట్‌తో అతికించి ఒక రాత్రి వదిలేయండి. ముక్కు నుంచి 190 మి.మీ. వెనక, అడుగు వైపున, అడ్డంగా ఒకటే తిన్నటి గాడి చేసి కార్బన్ ట్యూబు దించాలి, మధ్య నుంచి చెరోవైపు 400 మి.మీ. గాడికి వేడి సోల్డరింగ్ ఐరన్ చాలు. రెక్క వెనక్కి వాలి ఉన్నా ఈ చోట ట్యూబు పూర్తిగా ఫోములోనే ఉంటుంది, వంచే పని లేదు.

టేపు వేయడం

గ్లైడర్ గట్టితనమంతా టేపులోనే ఉంది. స్ప్రే గమ్ము పల్చగా కొట్టి పది నిమిషాలు ఆరనిచ్చి, ఫిలమెంట్ టేపును పైనా కిందా పొడవునా రెండేసి వరుసలు, ఆపైన ఎక్స్ ఆకారంలో ఒక్కో వరుస వేయండి. ముందంచు మీద ఒక వరుస అదనం, రాళ్ళకు తగిలేది అదే. తర్వాత రంగు టేపు వెనకంచు నుంచి మొదలుపెట్టి ముందుకు రండి. అప్పుడు ఒకదాని అంచు మీదికి ముందుది వస్తుంది, పెంకుటింటి పెంకుల్లాగా, గాలి టేపును లేపదు. లాగి బిగించి అతికిస్తే రెక్క వంకర పోతుంది, వదులుగా పరిచి చేత్తో రుద్దండి.

రంగు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. వానాకాలపు బూడిదరంగు మబ్బు కింద లేత రంగులన్నీ ఒకేలా ఉంటాయి. పైన పసుపు, కింద నలుపు లాంటి జోడీ పెడితే గ్లైడర్ ఏ వైపు తిరిగి ఉందో తెలుస్తుంది.

పాలమూరు మే ఎండలో అద్దాలు మూసిన కారులో పెట్టిన గ్లైడర్‌కు గమ్ము కరిగి టేపు బుడగలు లేస్తుంది. తెల్ల గుడ్డలో చుట్టి నీడన ఉంచండి.

ఎలివాన్ ముందంచును అడుగు వైపు 45 డిగ్రీల వాలుగా చెక్కి, పైన టేపు మడతబందుగా అతికించాలి. దాన్ని పైకి పూర్తిగా మడిచి లోపలి వైపు నుంచి ఇంకో టేపు వేస్తే ఊడదు. సర్వోలను మధ్య నుంచి 150 మి.మీ. దూరంలో, పై వైపున అమర్చండి. అడుగున పెడితే దిగేటప్పుడు మొరం వాటి చేతులను గీరుకుంటూ పోతుంది. సర్వో చేతినీ ఎలివాన్ హార్నునూ (పలకకు బిగించే చిన్న చేయి) స్ప్రింగు తీగెతో కలపాలి; సర్వో చేతికి లోపలి రంధ్రం, హార్నుకు బయటి రంధ్రం వాడండి. కదలిక తగ్గినా పలక వదులుగా ఆడదు. కొసలకు 200 × 110 మి.మీ. సన్‌ప్యాక్ రెక్కలు నిలువుగా అతికిస్తే కట్టడం అయినట్టే.

తూకం, ఇదే ప్రాణం

ఈ రెక్కకు తూకం నిలవాల్సిన చోటు ముక్కు నుంచి 160 మి.మీ. చాలామంది చేసే తప్పు, వేలు పెట్టిన చోట ఉన్న ముందంచు నుంచి కొలవడం. రెక్క వెనక్కి వాలి ఉంది కాబట్టి అలా కొలిస్తే తూకం బాగా వెనక్కి పోతుంది. ముక్కు కొన నుంచి మధ్యగీత వెంబడి కొలిచి, అడుగున రెండు వైపులా గుర్తు పెట్టి, రెండు పెన్సిళ్ళ మీద నిలబెట్టండి. గ్లైడర్ సమంగా నిలవాలి, లేదా ముక్కు వీసమెత్తు వంగాలి.

బ్యాటరీని ముక్కులోకి వీలైనంత ముందుకు తోయండి. ఇంకా 40 నుంచి 80 గ్రాములు అవసరపడొచ్చు. టైర్ల షాపుల్లో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే 5, 10 గ్రాముల బిళ్ళలు దీనికి చక్కగా కుదురుతాయి. 160 దగ్గర మొదలుపెట్టి, బాగా అలవాటయ్యాక రెండు మూడు మి.మీ. చొప్పున 167 దాకా వెనక్కి జరపవచ్చు. 178 దాటితే ఎంతటి చేయి తిరిగినవాడికైనా చేతికి రాదు, ఎందుకంటే గాలి ఎత్తే బలం పనిచేసే చోటు అదే. తూకం దాని ముందుండాలి. కొసలు కూడా చూడండి: ముక్కూ వెనక మధ్యభాగమూ వేళ్ళ మీద పెట్టి పట్టుకుంటే ఏ కొస వాలుతుందో, దాని ఎదుటి కొసకు బిళ్ళ.

రేడియో అమరిక

మోడల్‌లో ఎలివాన్ మిక్సింగ్ (ఎత్తు, వాలు ఆజ్ఞలను కలిపి రెండు సర్వోలకూ పంపే అమరిక) పెట్టండి. గ్లైడర్ వెనక నిలబడి చూడాలి: రేడియో కర్ర (స్టిక్) మీ వైపు లాగితే రెండు ఎలివాన్లూ పైకి, కుడికి నెడితే కుడి ఎలివాన్ పైకి, ఎడమది కిందికి. ఒకటి సరిగ్గా ఉండి మరొకటి తిరగబడితే సర్వో రివర్స్ మార్చాలి. రెండూ తప్పయితే మిక్సింగ్ గుర్తులు చూడండి.

కర్ర మధ్యలో ఉన్నప్పుడు రెండు ఎలివాన్లూ 2 నుంచి 3 మి.మీ. పైకే ఉండాలి. తోక లేని రెక్కకు తోక పని చేసేది ఈ కాస్త ఎత్తే. ఎత్తుకూ దింపుకూ చెరోవైపు 6 మి.మీ., పక్కకు వాల్చడానికి 12 మి.మీ. కదలిక, ఎక్స్‌పో (కర్ర మధ్యలో స్పందనను మెత్తబరిచే అమరిక) 30 శాతం. ఎక్స్‌పో కొన్ని రేడియోల్లో ప్లస్, కొన్నింట్లో మైనస్. కర్ర మధ్యలో స్పందన మెత్తబడిందో లేదో ఎలివాన్‌ను చూసి రూఢి చేసుకోవాలి. సిగ్నల్ తెగితే గ్లైడర్ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ దిగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టండి. రేడియో తెగినా దూరంగా ఎవరి పొలంలోకో పోదు.

చోటు ఎంచుకోవడం

20 నుంచి 30 మీటర్ల ఎత్తు, 30 నుంచి 45 డిగ్రీల వాలు, పడమరకో నైరుతికో ముఖం, ముందు అడ్డులేని మైదానం. ఇంతే కావాలి. నిట్టనిలువు రాతిగోడ చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, దాని నెత్తి వెనక గాలి సుడి తిరుగుతుంది, గ్లైడర్ అందులోకి పోతే నేలకు కొడుతుంది. మన ఒంటి రాతి గుట్టల కన్నా పక్కనుండే మొరం దిబ్బే నయం. దేవరకొండ, కోయిలకొండ, పానగల్లు లాంటి కోటలూ, గుడి ఉన్న గుట్టలూ వదిలేయండి: అక్కడ జనం, గోడలు, రాతి నెత్తి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నాగార్జునసాగర్ డ్యామ్ పరిసరాలు అసలే వద్దు. వెళ్ళే ముందు డిజిటల్ స్కై (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ వెబ్‌సైటు) మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, ఉందో లేదో చూడాలి. గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగులే హద్దు.

గుట్ట దూరమైతే చెరువు కట్ట ఉంది. డిండి, మూసీ లాగా మన వాగులు ఎక్కువగా తూర్పుకు పారతాయి, కనుక చాలా కట్టలకు నీళ్ళ వైపు పడమర ముఖం. అంటే వానాకాలపు గాలి నేరుగా నీళ్ళ వైపు వాలుకే కొడుతుంది. జూన్‌లో చెరువు ఎండి ఉంటుంది కాబట్టి బాగుంటుంది. ఆగస్టుకు నీళ్ళొచ్చాక కిందపడితే ఈత కొట్టాలి. పది మీటర్ల కట్టకు 520 గ్రాముల తేలిక రెక్కే నిలుస్తుంది, అదీ గాలి కట్టకు ఎదురుగా వీస్తేనే.

గాలి గంటకు 15 నుంచి 25 కి.మీ. ఉన్నప్పుడు నేర్చుకోవాలి. 30 దాటితే సరిగ్గా 160 గుర్తు దగ్గరే 150 గ్రాముల బరువు కలపండి. కొలిచే పరికరం లేకపోతే గద్దను చూడండి. అంచు ముందు రెక్కాడించకుండా నిలబడిందంటే అక్కడ ఎత్తుగాలి ఉన్నట్టే.

మొదటిసారి ఎగరేయడం

ముందు గడ్డి ఉన్న మైదానంలో ఎదురుగాలికి ముక్కు కాస్త వంచి, తిన్నగా విసిరి చూడండి. ముక్కు పైకెత్తి ఆగిపోతే ఎలివాన్లు ఎక్కువ లేచి ఉన్నాయి. ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ పోతే తూకం వెనకుంది.

గుట్ట అంచు మీద ఇంకొకరితో విసిరించండి, మీ చేతులు రేడియో మీదే ఉండాలి. వదలగానే గుట్టకు దూరంగా ముందుకు పోనివ్వాలి. పైకి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. వేగమే రెక్కకు బలం. అంచుకు సమాంతరంగా అటూ ఇటూ ఎనిమిది అంకె గీస్తూ తిప్పాలి. ప్రతి మలుపూ గుట్టకు దూరంగా, గాలి వైపే. గుట్ట వైపు తిరిగితే వెనకగాలి తోడై క్షణంలో రాయికి కొట్టుకుంటుంది.

తూకం గాలిలోనే తేలుతుంది. ఎత్తులో ఉన్నప్పుడు ముక్కు 45 డిగ్రీలు దించి కర్ర వదిలేయండి. గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువు, ఒక బిళ్ళ తీయండి. అలాగే సాగుతూ నెమ్మదిగా లేస్తే సరి. ఇంకా కిందికి మడుచుకుంటే వెంటనే కర్ర లాగి, దింపి ముందు బరువు కలపండి. వేగంలో జుర్రుమని శబ్దం వస్తే ఎలివాన్ వణుకుతోంది: తీగె వదులైంది, లేదా టేపు లేచింది. వేగం తగ్గించి దింపేయండి.

దిగడం అంచు వెనక కాదు, అక్కడ సుడి. గుట్ట పక్క భుజం మీదికి వచ్చి, వాలుకు అడ్డంగా పైకి ఎక్కిస్తూ గడ్డిలో పొట్ట ఆనించాలి. వెతకడానికి వెళ్ళేటప్పుడు బూట్లు వేసుకోండి, రాళ్ళ కింద తేళ్ళుంటాయి. కింద మేకలు మేపేవారికి ముందే చెప్పండి, బోరు మోటార్ల కరెంటు తీగెలు ఎటున్నాయో ఎక్కేముందే చూసిపెట్టుకోండి.

దూరాన నల్లమబ్బు ఉరిమితే వెంటనే దింపాలి. వాన ముందు వచ్చే చల్లగాలి దిక్కు మారుస్తుంది, ఎత్తుగాలి ఒక్కసారిగా పోతుంది. పైగా బోడిగుట్ట నెత్తిన యాంటెన్నా పట్టుకొని నిలబడిన మనిషికి పిడుగు దగ్గరి చుట్టం.