కన్నుమూసిన నామినీ: పర్లాకిమిడిలో నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాన్నగారు కాలం చేశాక తెలిసిందేమిటంటే, ఆయన పెళ్లికి ముందు తీసుకున్న జీవిత బీమా పాలసీలో నామినీ (సొమ్ము అందుకోవడానికి పేరు రాసిన వ్యక్తి), ఎప్పుడో కన్నుమూసిన మా నాయనమ్మ. 1938 నాటి బీమా చట్టం 39వ సెక్షన్ ప్రకారం అలాంటి సొమ్ము వారసులకు గాని, కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం పొందినవారికి గాని చెందుతుంది కనుక, అమ్మ, చెల్లి, నేను తహసీల్దారు కార్యాలయంలో వారసుల పత్రానికి దరఖాస్తు పెట్టాము. అసలు చిక్కు పేరుతో వచ్చింది: ఆంధ్రలోని పాతపట్నంలో కట్టిన పాలసీలో ఇంటిపేరు ముందుంటే, ఒడిశా మరణ ధ్రువపత్రంలో అది చివరికి చేరింది. ఈ సరిహద్దులో ఎన్ని తెలుగు కుటుంబాలకో ఈ బాధ ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ ముందు అఫిడవిట్ రాయించి, చెల్లి, నేను మా వాటాలను అమ్మకే వదులుతూ సంతకాలు చేశాక, సొమ్ము ఆమె ఖాతాలో జమ అయింది. ఆ వారమే నా పాలసీలో నామినీగా నా భార్య పేరు రాయించాను. ఆ బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణతో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ముపై హక్కూ వారిదే.