ఈయూ పౌరుల కుటుంబంలోని బీడీఎస్ డాక్టర్లు: యూరప్‌లో గుర్తింపు తెచ్చుకునే దారి

భార్యో భర్తో ఈయూ పౌరులైతే మన బీడీఎస్‌కు ఆటోమేటిక్‌గా గుర్తింపు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఆ బంధుత్వం పౌరసత్వం అనే అడ్డును తీసేస్తుంది, అంతే. నేరుగా గుర్తింపు దక్కేది సభ్యదేశాలు ఇచ్చిన పట్టాలకే.

ముందు కుటుంబ సభ్యులుగా ఈయూ పౌరులతో సమానంగా దరఖాస్తు చేసే హక్కు మీకు ఉందో లేదో తేల్చుకోండి. ఆ హక్కు ఇచ్చే 2004/38 డైరెక్టివ్ (సభ్యదేశాలు అమలు చేయాల్సిన ఈయూ చట్టం) వర్తించేది ఈయూ పౌరులు సొంత దేశంలో కాక వేరే సభ్యదేశంలో ఉంటున్నప్పుడు. ఫ్రెంచ్ భర్తతో జర్మనీలో ఉంటే వర్తిస్తుంది. జర్మన్ భర్తతో ఎప్పుడూ జర్మనీలోనే ఉంటే జర్మన్ చట్టమే చూడాలి.

ఇక ఏ దేశంలో మొదట దరఖాస్తు చేయాలన్నది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఒక దేశం ఒప్పుకున్నంత మాత్రాన మిగతావి ఒప్పుకోనక్కర్లేదు. లెబనాన్ దంతవైద్య పట్టాను బెల్జియం గుర్తించినా ఫ్రాన్స్ కాదన్న కేసులో ఈయూ న్యాయస్థానం 1994లో చెప్పింది ఇదే. కాబట్టి ఎక్కడ స్థిరపడాలనుకుంటున్నారో అక్కడే మొదలుపెట్టండి.

ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది కాగితాల దగ్గర. వృత్తి అర్హతల గుర్తింపుకు సంబంధించిన 2005/36 డైరెక్టివ్ దంతవైద్యానికి కనీసం ఐదేళ్లు, 5,000 గంటల శిక్షణ అడుగుతుంది. మన మార్కుల మెమోల్లో గంటలు కనిపించవు. విజయవాడ, వరంగల్ హెల్త్ యూనివర్సిటీల్లో చదివినవాళ్లు సబ్జెక్టులవారీగా థియరీ, ప్రాక్టికల్, క్లినికల్ గంటలు విడివిడిగా ఉన్న సిలబస్‌ను సంతకం, ముద్రతో తీసుకోవాలి. మనది నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కాబట్టి ఆ ఏడాది గంటలు కూడా విభాగాలవారీగా రాయించుకోండి. లేకపోతే నాలుగేళ్లే లెక్కలోకి వచ్చే ప్రమాదముంది. మీ మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని డెంటల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌ను మాత్రం చివర్లో తెప్పించండి. సమర్పించేనాటికి అది మూడు నెలలు దాటి ఉండకూడదు. అన్నిచోట్లా అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర) సరిపోతుందనుకోవద్దు, ఆ దేశపు నియమం ముందే చూసుకోండి. పాస్‌పోర్టులో, డిగ్రీలో ఇంటిపేరు తేడాగా ఉంటే ఒకరేనని చూపే అఫిడవిట్ జతచేయండి. పెళ్లయ్యాక పేరు మారినవాళ్లకు ఇది తప్పదు.

జర్మనీనే తీసుకుంటే, దరఖాస్తు రాష్ట్ర స్థాయి అధికారులకు, అదీ ఒకే రాష్ట్రంలో. కావలసిన శాశ్వత లైసెన్సు పేరు అప్రోబాట్సియోన్. చదువులో లోటు ఉందని తేల్చి, మీ అనుభవం దాన్ని పూడ్చలేదంటే కెంట్నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష రాయాలి. భాషకు వేరే పరీక్ష, సీ1 (ధారాళంగా వాడగలిగే పై) స్థాయిలో: రోగితో మాట్లాడటం, రిపోర్టు రాయడం, తోటి డాక్టరుకు వివరించడం, ఒక్కోటి 20 నిమిషాలు. బట్టీ పట్టిన వాక్యాలతో మొదటిది గట్టెక్కవచ్చు, రిపోర్టు దగ్గర దొరికిపోతారు. కోర్సు ఎంచుకునేటప్పుడు రాత అభ్యాసం ఎంత చేయిస్తారో అడగండి.

మరో సభ్యదేశానికి వెళ్లాలంటే తొందరపడకండి. మొదట గుర్తించిన దేశంలో మూడేళ్లు ప్రాక్టీసు చేసి, ఆ అనుభవానికి ఆ దేశపు అధికారుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే, 2005/36 డైరెక్టివ్ 3(3) అధికరణం కింద కొత్త దేశం మీ ఫైలును ఈయూ నియమాల ప్రకారమే చూడాలి. తేడాలుంటే అడాప్టేషన్ పీరియడ్ (పర్యవేక్షణలో కొంతకాలం పని) లేదా పరీక్ష పెట్టవచ్చు. కాగితాలు పూర్తిగా అందాక నాలుగు నెలల్లో నిర్ణయం చెప్పాలి. యజమాని ఇచ్చే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఆ ధ్రువపత్రానికి బదులు కాదు. అందుకే ఊరు ఖాళీ చేయకముందే అధికారుల ధ్రువపత్రాన్ని తీసుకోండి.