బడి మారిన పిల్లలకి స్నేహం కుదరాలంటే పెద్దవాళ్లు ఏం చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో ఇది ఏటా చూసేదే. ఆరులోనో ఎనిమిదిలోనో బడి మారగానే పిల్లలు ముడుచుకుపోతారు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, పైగా కొత్త మొహాలు. మనకేమో చదువు టెన్షన్, వాళ్లకి మాత్రం రేపు రిసెస్‌లో ఎవరి పక్కన నిలబడాలా అన్నదే టెన్షన్.

ఏడెనిమిదేళ్లప్పుడు పక్కింట్లో ఉండి, చేతిలో బంతి ఉంటే చాలు, ఫ్రెండే. పదకొండు దాటాక అది సరిపోదు, తను చెప్పింది విని నవ్వనివాడు, ఆ మాట ఇంకొకరికి మోయనివాడు కావాలి. ఎదుటివాడి సంతోషం తనదంత ముఖ్యమని పిల్లలకి మొదటిసారి తెలిసేది ఇలాంటి దగ్గరి స్నేహంలోనేనని మానసిక వైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ 1940ల్లోనే చెప్పాడు. అందుకే ఒక్క ఫ్రెండ్ ఉన్నా చాలు, పదిమంది లేరని బెంగపడకండి.

"వెళ్లి మాట్లాడరా" అంటే ఏ పిల్లాడూ వెళ్లి మాట్లాడడు. రోజూ ఒకే వేళకి ఒకే పని కలిసి చేసే వీలు కల్పించండి: ట్యూషన్‌కి ఒకే దారిలో సైకిళ్ల మీద వెళ్లడం, సాయంత్రం క్రికెట్, రథయాత్రకి కలిసి వెళ్లడం. దారిలో చైన్ ఊడినప్పుడు ఎవడు ఆగి, చేతులకి మసి అంటినా ఎక్కించి పెడతాడో మీ వాడికే తెలిసిపోతుంది, మీరు చెప్పక్కర్లేదు.

ఒడియా పిల్లలు ఇంటికొస్తే వాళ్ల వచ్చీరాని తెలుగుకి ఎవరూ నవ్వకూడదని ముందే నాన్నమ్మకి, బాబాయిలకి చెప్పి ఉంచండి. ఒక్కసారి నవ్వారంటే మీ పిల్లాడు మళ్లీ ఎవరినీ తీసుకురాడు. "ఎవరబ్బాయివి, మీరేవిట్లు, ఎన్ని మార్కులొచ్చాయి" అన్న ఆరాలు అసలొద్దు, పులిహోర పెట్టి పక్కకి తప్పుకోండి.

కొందరికి స్నేహం కన్నా గుంపులో చోటు కావాలి, ఒంటరిగా మిగిలిపోతామన్న భయంతో. తిట్టకండి, కానీ బండి తాళాలు మాత్రం ఇవ్వకండి. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టీన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కారు నడిపే వీడియో గేమ్‌తో చేసిన పరీక్షలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఒంటరిగా ఆడినవాళ్లకంటే తోటివాళ్లు పక్కనున్నవాళ్లు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు.

వారాల తరబడి ఎవరి పేరూ ఎత్తకపోతే, బడికి వెళ్లే ముందు కడుపునొప్పి అంటుంటే, ఎవరో ఏడిపిస్తున్నారేమో మెల్లగా అడగండి. అవునని తేలితే ఆ రోజే వెళ్లి క్లాస్ టీచర్‌ని కలవండి.