రికార్డు చేర్చాక ఫీల్డు మారకూడదంటే: జాంగో అడ్మిన్‌లో సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే ఒక పీజీ హాస్టల్‌కు జాంగోతో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) రిజిస్టర్ తయారు చేసి ఇచ్చాను. రికార్డులు చేర్చడానికి, దిద్దడానికి జాంగో సిద్ధంగా ఇచ్చే పేజీలే అడ్మిన్. చేరిన రోజు రాసిన అడ్వాన్స్ మొత్తాన్ని ఆ తర్వాత ఎవరూ దిద్దకూడదన్నది యజమాని షరతు. చాలా న్యాయమైన షరతు. గది ఖాళీ చేసే రోజు తిరిగి రావలసిన డబ్బుకు ఆ అంకే ఆధారం.

సమస్య: కొత్తవారిని చేర్చే పేజీలోనే అడ్వాన్స్ ఫీల్డు మూసుకుపోయింది.

కారణం: రీడ్‌ఓన్లీ ఫీల్డ్స్ జాబితా (చూడటమే తప్ప దిద్దలేని ఫీల్డుల జాబితా) చేర్చే పేజీకీ దిద్దే పేజీకీ ఒకేలా వర్తిస్తుంది.

పరిష్కారం: ‘గెట్ రీడ్‌ఓన్లీ ఫీల్డ్స్’ మెథడ్ రాయండి. దానికి అందే ‘ఆబ్జ్’ విలువ చేర్చేటప్పుడు ‘నన్’ (అంటే ఏమీ లేదు), దిద్దేటప్పుడు ఆ రికార్డు. రికార్డు ఉన్నప్పుడే అడ్వాన్స్‌ను జాబితాలో కలపండి.

సమస్య: పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి చేర్చే పేజీ కూడా మూసుకుపోయింది. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే బాగవుతోంది.

నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. పేజీని మళ్లీ తెరిస్తే ఒకసారి ఫీల్డు కనబడేది, ఇంకోసారి తాళం కనబడేది. మెథడ్ లోపల నేను పాత లిస్టుకే ‘అపెండ్’ చేయడం (చివర కలపడం) వల్ల వచ్చిన చిక్కు ఇది. అడ్మిన్ ఆబ్జెక్టు రిక్వెస్టుకు ఒకటి చొప్పున పుట్టదు. మోడల్‌ను (పట్టిక నిర్వచనాన్ని) అడ్మిన్‌లో రిజిస్టర్ చేసినప్పుడు ఒక్కసారి తయారై, ప్రాసెస్ నడిచినంత కాలం అదే ఉంటుంది. ఎవరో పాత రికార్డు తెరవగానే అడ్వాన్స్ ఆ లిస్టులో చేరి, అక్కడే ఉండిపోయింది. వర్కర్లు (సర్వర్ పనిని పంచుకునే ప్రాసెస్‌లు) నాలుగు ఉంటే, పాత రికార్డు తెరిచిన వర్కర్‌లోనే తాళం పడుతుంది. అందుకే ఆ దోబూచులాట. ఉన్న లిస్టును ముట్టుకోకుండా ప్రతిసారీ కొత్త టపుల్ (తయారయ్యాక మార్చలేని జాబితా) తిరిగి ఇవ్వండి. అసలు జాబితాను కూడా టపుల్‌గానే రాసుకోండి. అప్పుడు ‘అపెండ్’ అన్న చోటే ఎర్రర్ వచ్చి, తప్పు వెంటనే బయటపడుతుంది.

సమస్య: ఫీల్డు బూడిదరంగులో ఉంది, కానీ సేవ్ నొక్కితే ‘ఈ ఫీల్డు తప్పనిసరి’ అంటోంది.

కారణం: విడ్జెట్‌కు (పేజీలో కనబడే పెట్టెకు) మాత్రమే హెచ్‌టీఎంఎల్ ‘డిసేబుల్డ్’ పెట్టారు. అలాంటి ఫీల్డు విలువను బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. పైగా డెవలపర్ టూల్స్ తెలిసిన ఎవరైనా దాన్ని తీసేయగలరు కాబట్టి అది తాళమే కాదు.

పరిష్కారం: ఫారమ్ ఫీల్డుకే ‘డిసేబుల్డ్’ను ‘ట్రూ’ చేయండి. జాంగో 1.9 నుంచి ఈ సదుపాయం ఉంది. బ్రౌజర్ ఏం పంపినా పక్కనపెట్టి పాత విలువనే నిలుపుతుంది.

సమస్య: గది పేజీలో ఇన్‌లైన్‌గా (ఆ పేజీలోనే కింద వరుసలుగా) కొత్తవారిని చేర్చబోతే ఆ వరుస కూడా మూసుకుపోయింది.

కారణం: ఇన్‌లైన్‌కు అందే ‘ఆబ్జ్’ ఆ వరుస కాదు, గది. గది ఎప్పటినుంచో ఉంది కదా! ఇక్కడ ఫారమ్ ‘ఇనిట్’లో (ఫారమ్ తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్‌లో), ఆ వరుస ఇదివరకే సేవ్ అయిందో లేదో చూసి ‘డిసేబుల్డ్’ పెట్టాలి.

లిస్టు పేజీలో ‘లిస్ట్ ఎడిటబుల్’ (జాబితాలోనే దిద్దే వీలు) ఉంటే అడ్వాన్స్‌ను అందులోంచి తీసేయండి. రీడ్‌ఓన్లీ నియమం అక్కడికి చేరదు.

నిజంగా తప్పు అంకె పడితే సూపర్‌యూజర్‌కు (అన్ని అనుమతులూ ఉన్నవారికి) కూడా తాళం తీయవద్దని నా గట్టి అభిప్రాయం. సవరణల కోసం వేరే పట్టిక పెట్టి, తేడా మొత్తం, కారణం, రాసినవారి పేరు అందులో చేర్చేలా చేశాను.