చేతి మీద చర్మ క్యాన్సర్: చార్ట్ చదివి సరైన కోడ్ వేయడం ఎలా?

చార్ట్‌లో "ఎడమ చేతి మీద చర్మ క్యాన్సర్" అని ఒక్క ముక్క ఉంటుంది. కొత్త కోడర్ (చార్ట్ చదివి బిల్లింగ్ కోడ్‌లు వేసే మనిషి) దాన్ని చూడగానే నేరుగా సి44.6 అనే చర్మ క్యాన్సర్ కోడ్ దగ్గరికి వెళ్లిపోతారు. ఆ తొందరే వద్దు. ఏ రకం క్యాన్సర్, పైపొరలోనే ఉందా లోపలికి దిగిందా, కుడా ఎడమా, కోయక ముందు ఎంత సైజు ఉంది? ఈ నాలుగూ దొరికాకే కోడ్ పుస్తకం తెరవాలి. ఇక్కడ చెప్పేది అమెరికా బిల్లింగ్ పద్ధతి. అక్కడ జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్‌లు, డాక్టర్ చేసిన పనికి సీపీటీ కోడ్‌లు వాడతారు.

1. పాథాలజీ రిపోర్ట్ వచ్చేదాకా ఆగండి

ఔట్‌పేషెంట్ చార్ట్‌లో "మెలనోమా కావచ్చు", "క్యాన్సర్ అనుమానం" అని రాసి ఉంటే క్యాన్సర్ కోడ్ వేయకూడదు. నిర్ధారణ అయినదానికే కోడ్. డాక్టర్ గడ్డను కోసి పంపిన రోజే క్లెయిమ్ (ఇన్సూరెన్స్‌కు పంపే బిల్లు) పంపేయాలని టెన్షన్ పడకుండా రిపోర్ట్ వచ్చేదాకా ఆపి ఉంచండి. క్యాన్సర్ అని ఒకసారి రికార్డులోకి ఎక్కితే అది ఆ మనిషి వెంటే తిరుగుతుంది. లేని జబ్బును మనం అంటగట్టకూడదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు డి48.5. రిపోర్ట్ ఇంకా రాలేదు కదా, ఏదో తేలలేదు కదా అని ఈ కోడ్ వేసేస్తారు. అది "ఇంకా తెలియదు" అనడానికి పెట్టిన కోడ్ కానే కాదు. పాథాలజిస్ట్ కణాలను మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సరో కాదో చెప్పలేనని స్వయంగా రాస్తేనే డి48.5. డాక్టర్ "ట్యూమర్" లేదా "నియోప్లాజమ్" అని మాత్రమే రాసి, స్వభావం చెప్పకపోతే డి49.2. ఉత్త "లీజన్" (చర్మం మీద మామూలుగా లేని మచ్చో గడ్డో) అని రాస్తే అది కూడా వర్తించదు, ఎల్98.9 దగ్గరికి వెళ్లాలి.

2. రకాన్ని బట్టి వరస పట్టుకోండి

మెలనోమా అయితే సి43.6. బేసల్ సెల్ అయితే సి44.61, స్క్వామస్ సెల్ అయితే సి44.62. మెర్కెల్ సెల్ కార్సినోమాకు వేరే ఇల్లు ఉంది, సి4ఎ.6. రిపోర్ట్‌లో "ఇన్ సైటు", అంటే పైపొర దాటలేదు, అని కనిపిస్తే వీటిలో ఏదీ పనికిరాదు. మెలనోమా ఇన్ సైటుకు డి03.6, స్క్వామస్ ఇన్ సైటుకు, అంటే బోవెన్ జబ్బుకు, డి04.6. ఆ రెండు చిన్న మాటలు చూసుకోకపోతే పైపొరలో ఉన్న జబ్బును లోపలికి పాకిన క్యాన్సర్‌గా నమోదు చేసినట్టే.

3. కుడి, ఎడమ: చివరి అంకెను చూసి మరీ వేయండి

మెలనోమాలో పద్ధతి సులువు: కుడికి సి43.61, ఎడమకు సి43.62. అదే అలవాటులో సి44కి వస్తే దెబ్బ తింటాం. బేసల్ సెల్‌లో కుడికి సి44.612, ఎడమకు సి44.619. స్క్వామస్‌లో కుడికి సి44.622, ఎడమకు సి44.629. వైపు చెప్పనప్పుడు వాడేవి 1తో ముగుస్తాయి. మిగతా చాలా చోట్ల 9 అంటే "వివరం లేదు" అని అలవాటు పడిపోయి ఉంటాం కాబట్టి ఇక్కడ 9 ఎడమ అని ఎవరికీ తట్టదు. ఈ ఒక్కటీ కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

4. ఎక్కడుందో డాక్టర్ చేత సరిగ్గా రాయించండి

జబ్బు కోడ్‌లో భుజం నుంచి వేళ్ల దాకా అంతా ఒకే గూడు. సీపీటీలో అలా కాదు. ముంజేతి మీది క్యాన్సర్ గడ్డను కోసి తీస్తే 11600 వరస, అరచేతి మీదో వేలి మీదో అయితే 11620 వరస. మోస్ సర్జరీలోనూ (పొర పొరగా కోస్తూ, ప్రతి పొరనూ అప్పుడే మైక్రోస్కోప్ కింద చూసే పద్ధతి) ఇదే తేడా: ముంజేతికి 17313, అరచేతికి 17311. అందుకే నోట్‌లో "చెయ్యి" అంటే చాలదు. "ఎడమ ముంజేయి వెనకవైపు, మణికట్టుకు 6 సెం.మీ. పైన" అని ఉండాలి, ఫొటో ఉంటే మరీ మంచిది. బయాప్సీ గాయం కొన్ని వారాల్లో మానిపోతే, ఏ మచ్చను కోయాలో వెతుక్కోవాల్సింది సర్జనే కదా.

5. కత్తి పెట్టకముందు కొలత

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. గడ్డ అడ్డకొలతలో అతి పెద్దదానికి, రెండు వైపులా వదిలిన మార్జిన్ (గడ్డ చుట్టూ అదనంగా కోసిన మంచి చర్మం) కలపాలి. ఉదాహరణకు గడ్డ 1.3 సెం.మీ., ఒక్కో వైపు మార్జిన్ 0.4. మొత్తం 2.1, కోడ్ 11603. ఈ కొలత ఆపరేటివ్ నోట్‌లో లేకపోతే కోడర్ పాథాలజీ రిపోర్ట్‌లోని ముక్క సైజు తీసుకుంటారు. కోసిన చర్మం ముడుచుకుంటుంది, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ఇంకా కుంచించుకుపోతుంది. అక్కడ 1.8 అని ఉంటే కోడ్ 11602కి పడిపోతుంది. చేసిన పని అదే, రాసింది తక్కువ.

కుట్ల సంగతి: ఒక్క పొరలో వేసిన మామూలు కుట్లు కోత కోడ్‌లోనే కలిసిపోతాయి. లోపలి పొరలు కూడా కుడితే, ఆ పొడవు నోట్‌లో ఉంటే, విడిగా బిల్లు చేయవచ్చు. ముంజేతి మీద 4.5 సెం.మీ. అయితే 12032. పక్క చర్మాన్ని జరిపి ఫ్లాప్ వేస్తే మాత్రం కోత కూడా అందులోనే కలుస్తుంది, విడిగా వేయకూడదు. అదే గడ్డకు అదే పూట చేసిన బయాప్సీకీ ఇదే రూల్.

6. మళ్లీ కోసినప్పుడు, చెకప్‌కు వచ్చినప్పుడు

మార్జిన్‌లో క్యాన్సర్ మిగిలిందని రెండోసారి కోశారు. ఈసారి రిపోర్ట్‌లో ఏమీ లేదు. అయినా క్యాన్సర్ కోడే వేయాలి, ఎందుకంటే ఆ కోత క్యాన్సర్ చికిత్సలో భాగం. మొదటి కోత జరిగిన 10 రోజుల గ్లోబల్ గడువులోపే (ఆ కోత ఫీజులోనే తర్వాతి సంరక్షణ కలిసి ఉండే రోజులు) ఇది జరిగితే మాడిఫయర్ 58, అంటే ఇది మొదటి చికిత్సకు కొనసాగింపు అని చెప్పే గుర్తు, జోడించండి.

చికిత్స పూర్తయి, జబ్బు ఆనవాళ్లు లేకుండా చెకప్‌కు వచ్చే మనిషికి సి43, సి44 వేయవద్దు. చెకప్‌కు జెడ్08, దానితో పాటు గతంలో మెలనోమా ఉంటే జెడ్85.820, బేసల్ లేదా స్క్వామస్ ఉంటే జెడ్85.828. నోట్‌లో "చర్మ క్యాన్సర్ హిస్టరీ" అని మాత్రమే ఉండి, చికిత్స ముగిసిందో లేదో తేలకపోతే ఊహించకండి. డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపి, జవాబు వచ్చాకే చార్ట్ మూయండి.