గుట్ట మీంచి రాయి విసిరే లెక్కలో గుర్తు తప్పకుండా

తిరుపతిలో ఈఏపీసెట్‌కి చదివే పిల్లలు ప్రక్షేపకం (గాల్లోకి విసిరిన వస్తువు) లెక్కల్లో మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఒక్క చోటే. రాయి బయలుదేరిన ఎత్తులోనే పడదు, అయినా అదే ఎత్తులో పడేవాటికి వాడే సమతలం సూత్రం వేసేస్తారు.

చంద్రగిరిలో 40 మీటర్ల గుట్ట అంచు నుంచి 20 మీ/సె వేగంతో, 30 డిగ్రీల కోణంలో పైకి రాయి విసిరారనుకోండి. ముందు వేగాన్ని రెండుగా విడగొట్టండి: నిలువుగా 10, అడ్డంగా 17.3. మూలబిందువు చెయ్యి వదిలిన చోటే పెట్టి, పైదిక్కు ప్లస్ అని బొమ్మ పక్కనే రాసుకోండి. నేల కింద ఉంది కాబట్టి స్థానభ్రంశం −40. గురుత్వ త్వరణం 10, రాయి నేల తాకడానికి పట్టే కాలం టీ సెకన్లు అనుకుంటే:

−40 = 10టీ − 5టీ²

అంటే టీ² − 2టీ − 8 = 0. టీ విలువ 4 లేదా −2. విసరకముందు కాలం మనకక్కర్లేదు, 4 సెకన్లే తీసుకోవాలి. అడ్డదూరం 17.3 × 4, సుమారు 69 మీటర్లు.

40కి మైనస్ మరిచిపోతే వర్గమూలం లోపల −28 వస్తుంది. అలా వస్తే సమీకరణాన్ని తిట్టుకోకుండా వెనక్కెళ్లి గుర్తు చూడండి. సమతలం సూత్రం వేస్తే మాత్రం 2 సెకన్లు, 34.6 మీటర్లు అని చక్కగా వచ్చేస్తుంది. ఆప్షన్లలో అదీ ఉండొచ్చు, అదే ప్రమాదం. ఆ 2 సెకన్లకు రాయి మళ్లీ చేతి ఎత్తుకు వచ్చిందంతే, ఇంకా 40 మీటర్లు దిగాలి.