తుర్కాన్ షొరాయ్ సినిమాలు ఎలా చూడాలి: ఒక డబ్బింగ్ మనిషి చెప్పే దారి

తుర్కాన్ షొరాయ్ అంటే టర్కీ సినిమా తార. ముందుగా ఒక మాట. మొదటి సినిమాతో మొదలుపెట్టి వరసగా చూసేద్దామని మాత్రం కూర్చోకండి. నేను అదే పని చేసి నాలుగో సినిమాకే చేతులెత్తేశాను. ఆవిడ చేసినవి 200కు పైగా. 1945లో ఇస్తాంబుల్‌లో పుట్టి, 1960లో, అంటే పదిహేనేళ్లకే తెరమీదికొచ్చింది. ఆ రోజుల్లో అక్కడ సినిమాలు మన పెళ్లిళ్ల సీజన్‌లో భోజనాల బంతుల్లా ఒకటి లేస్తే ఒకటి కూర్చునేవి. అన్నీ రుచిగా ఉండవు కదా.

కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో పంతొమ్మిదేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. పరాయి మొహాలకి గొంతు అరువివ్వడం నా ఉద్యోగం. మూడేళ్ల కిందట ఒక టర్కీ సీరియల్‌కి అత్తగారి పాత్ర దొరికింది. ఆ భాష చెవికి అలవాటు పడాలని పాత సినిమాలు వెతుకుతుంటే ఈవిడ కళ్లు కనబడ్డాయి. సీరియల్ అయిపోయింది, ఈ పిచ్చి మాత్రం మిగిలిపోయింది.

మొదట చూడాల్సింది 'సెల్వి బొయ్లుమ్ అల్ యాజ్మాలుమ్'. 1977 నాటిది, దర్శకుడు ఆతిఫ్ యిల్మాజ్. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ కథ. పేరుకి అర్థం 'సైప్రస్ చెట్టంత పొడగరి, ఎర్ర తలగుడ్డ దానా' అని ఒక పిలుపు. లారీ డ్రైవర్ ఇల్యాస్‌గా కాదిర్ ఇనానిర్, పల్లెటూరి పిల్ల ఆస్యాగా షొరాయ్. ప్రేమించి పెళ్లి చేసుకున్నవాడు వదిలేస్తాడు. బిడ్డతో రోడ్డున పడ్డ ఆవిడకి జెమ్షిత్ అనే నెమ్మదస్తుడు నీడనిస్తాడు. కొన్నేళ్లకి మొదటివాడు తిరిగొస్తాడు.

చివరి సీను రెండుసార్లు చూడండి. ఇటు ప్రేమించినవాడు, అటు పెంచినవాడు, మధ్యలో ఆస్యా. నోరు కదలదు. మనసులో మాట మాత్రం వినిపిస్తుంది: ప్రేమంటే ఏమిటి? జవాబుగా వచ్చే మాటల్లో చివరిది 'ఎమెక్'. ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌లో ఒక పొడి మాటతో సరిపెట్టారు. నాకైతే 'రెక్కల కష్టం' అని వినబడింది. పిల్లాడికి రోజూ అన్నం కలిపి పెట్టడం, చలికి దుప్పటి కప్పడం, అలాంటి కష్టం. పిల్లాడు 'బాబా' అని పెంచినవాడి దగ్గరికే పరిగెడతాడు. టర్కీలో బాబా అంటే నాన్న. మా వృత్తిలో ఇలాంటి సీను వరం, పెదాలు కదలవు కాబట్టి లిప్ సింక్ టెన్షన్ ఉండదు. కానీ ఆ రెండు కళ్లకి సరిపడా గొంతు తేవడం మాత్రం ఎవరి తరం?

రెండోసారి చూసేటప్పుడు సౌండ్ తీసేయండి. సరదాకి చెప్పడం లేదు, దానికి కారణం ఉంది. ఆ కాలం టర్కీ సినిమాలు ఎక్కువగా మూగగా షూట్ చేసి, తర్వాత స్టూడియోలో గొంతు కలిపినవే. చాలాసార్లు తెరమీద మనిషి ఒకరు, మాట్లాడేది ఇంకొకరు. అదాలెత్ జిమ్‌జోజ్ అనే ఆవిడ ఎందరో నటీమణులకి గొంతయ్యింది. మన హీరోయిన్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. అందుకని గొంతు విని షొరాయ్‌ని అంచనా వేయకండి. గొంతు పక్కన పెట్టేస్తే మిగిలేదంతా ఆవిడ సొంతమే. కళ్లు ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ ఆగడం ఎవరూ అరువిచ్చింది కాదు.

ఇక వెనక్కి, 1968కి వెళ్లండి. 'వెసికలీ యారిమ్', నలుపు తెలుపు సినిమా, దర్శకుడు లుత్ఫి అకాద్. వెసిక అంటే ఒళ్లమ్ముకునే ఆడవాళ్లకి సర్కారు ఇచ్చే కార్డు. యార్ అంటే మనకి తెలిసిన యారే. బార్‌లో పనిచేసే సబిహా దగ్గరికి కూరగాయల కొట్టు హలీల్ వస్తాడు. పెళ్లయిందని చెప్పడు. ఆవిడకి ఆ సంగతి తెలిశాక ఏడుపులు, శాపనార్థాలు ఉంటాయనుకుంటాం. ఉండవు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఇదే, అయినా దీనితో మొదలుపెట్టమనను. ఆవిడ మొహం కాస్త అలవాటయ్యాకే ఇందులోని నిదానం పట్టుబడుతుంది.

1962 నాటి 'ఆజి హయాత్'కి ఒక సాయంత్రం చాలు. గోళ్లు దిద్దే పిల్ల, ఓడల రేవులో వెల్డింగ్ కుర్రాడు, మధ్యలో డబ్బున్నవాడు. దీనికే 1964లో అంతాల్యా అనే ఊళ్లో జరిగే సినిమా పండుగలో ఆవిడ ఉత్తమ నటి అయింది. ఆ పండుగ మొదలైంది ఆ ఏడాదే.

సబ్‌టైటిల్స్ దగ్గర జాగ్రత్త. యంత్రం తయారుచేసిన అనువాదం పెట్టుకుంటే మతిపోతుంది. టర్కీ భాషలో వాడు, ఆమె, అది అన్నిటికీ ఒకే మాట, 'ఓ'. యంత్రం దాన్ని ఇష్టం వచ్చినట్టు మగ, ఆడ చేసేస్తుంది. ఒక సినిమాలో అరగంటసేపు హీరోయిన్ తమ్ముడి గురించి ఏడుస్తోందనుకున్నాను, తీరా చూస్తే అది తల్లి గురించి. మనుషులు రాసిన సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటే వెతకండి.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ అయితే వరసల దగ్గర దెబ్బకొడతాయి. అందరూ అంకులే, అందరూ ఆంటీయే. కానీ చెవి పెట్టి వింటే అక్కడ కూడా మనలాగే వరసలున్నాయి. తెయ్జె అంటే తల్లి తోడబుట్టింది, హలా అంటే మేనత్త. దాయి మేనమామ, అమ్జా నాన్న తోడబుట్టినవాడు. అబ్లా అక్క, అబి అన్న, యెంగె వదిన. ఈ ఏడూ చీటీ మీద రాసి టీవీ పక్కన అంటించుకున్నాను. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో తెలిస్తే సగం కథ తెలిసినట్టే. ఇంకో వెసులుబాటు, క్రియ మనలాగే వాక్యం చివర్లో వస్తుంది. 'గిత్' అంటే వెళ్లు, 'గిత్మే' అంటే వెళ్లకు. వెళ్లు, వెళ్లకు, చూశారా, తోకలోనే ఉంది తేడా.

1972లో షొరాయ్ తనే దర్శకత్వం చేసింది, 'దొనుష్', అంటే తిరిగి రావడం. మొగుడు పనికోసం జర్మనీ పోతాడు, ఊళ్లో భార్య ఒంటరి. 1961లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక అలా వెళ్లిన టర్కీ మగవాళ్లు లక్షల్లో ఉన్నారు. కోనసీమలో మా పిన్నమ్మ వీధిలో ప్రతి మూడో ఇంట్లో ఒకరు కువైట్‌లో ఉండేవారు. ఆ సినిమా చూస్తుంటే ఆ వీధి అరుగులే కళ్లముందు కదిలాయి. సినిమాగా కొంచెం ఎగుడుదిగుడే, అయినా వదలొద్దు.

ఇక్కడ 'షొరాయ్ రూల్స్' సంగతి చెప్పాలి. ముద్దు సీన్లు చేయను, బట్టలు తీసే సీన్లు చేయను, ఆదివారం షూటింగ్‌కి రాను. నిర్మాతలకి ఇవి ముందే తెలిసి ఉండేవి. ఆదివారం షరతు చదివినప్పుడు నాకు కుళ్లొచ్చింది, నిజం చెబుతున్నాను. మాకు ఆదివారమే ఎక్కువ రికార్డింగులు. చాలా ఏళ్లు ఈ రూల్స్ నిలిచాయి. 1982లో 'మినే'తో ఆవిడే తన గీత దాటింది. చిన్న ఊరి స్టేషన్ మాస్టర్ భార్య, ఊరంతా గుచ్చిగుచ్చి చూసే అందం, ఎవరూ పట్టించుకోని మనసు. అందుకే పై సినిమాలన్నీ అయ్యాకే దీన్ని చూడమంటాను. గీత ఎక్కడుండేదో తెలియకపోతే దాటిన సంగతి కూడా తెలియదు. వెతికేటప్పుడు ఉత్త పేరు (Mine) కొడితే ఇంగ్లీష్ 'మైన్' అనుకుని గనుల ఫొటోలు వస్తాయి. దర్శకుడు ఆతిఫ్ యిల్మాజ్ పేరు, సంవత్సరం కలిపి కొట్టండి.

మనసు బరువెక్కితే 1978 నాటి 'సుల్తాన్' పెట్టుకోండి. రాత్రికి రాత్రి వేసుకున్న గుడిసెల బస్తీలో నలుగురు పిల్లల వితంతువు, మన షేర్ ఆటోలాంటి దొల్ముష్ నడిపే కుర్రాడు. నోరున్న షొరాయ్ ఇందులో కనబడుతుంది. అక్కడి జనం ఆవిడని పిలుచుకునేది కూడా సుల్తాన్ అనే.

ఆఖర్న సీరియల్. 1998లో మొదలైన 'ఇకింజి బహార్', అంటే రెండో వసంతం. కబాబుల హోటల్ నడిపే షెనెర్ షెన్ పక్కన, యాభై దాటిన షొరాయ్. మొత్తం చూడక్కర్లేదు, మొదటి రెండు ఎపిసోడ్లు చాలు. ఇక్కడ వినబడేది ఆవిడ సొంత గొంతు. కాస్త బరువుగా, అక్కడక్కడ తడబడుతూ ఉంటుంది. నేను అలవాటు కొద్దీ పెదాల వంకే చూస్తూ కూర్చున్నాను, అతుకు ఎక్కడైనా దొరుకుతుందేమోనని.